చేనికి పాలివారు

హైదరాబాదు నుండి ముంబయి దారిని పట్టి పడమరగా నూరు కిలోమీటర్లు పోయినచో జహీరాబాదు పట్టణము వచ్చును. ఇది నేడు సంగారెడ్డి జిల్లాలో నున్నది. 2016వ సంవత్సరమునకు పూర్వము మెదకు జిల్లాలో నుండెడిది. మరికొంత దూరము పోయిన కర్ణాటక రాష్ట్రపు సరిహద్దు, దానికావల బీదరు సీమ. దక్కను పీఠభూమిలోని ఈ ప్రాంతమున కొన్ని చేలు ఎర్రనేలలు, కొన్ని నల్లరేగడులు. బావుల క్రింద చెరకు పండించువారు కలరు. కాని చిన్న రైతులలో పెక్కుమందికి వానయే ఆధారము. వాన కురిసిన పంట, కురియకున్న పస్తు.

భాద్రపద మాసమున ఇచ్చటి పాతరీతి చేనిని ఒకదానిని చూచిన పట్నవాసికి అది ఎవరో తెలియనివారు విత్తిన చేనివలె తోచును. జొన్న సాళ్ళ నడుమ కంది సాళ్ళుండును. వాని సందున పెసలు, మినుములు, బొబ్బర్లు పాకుచుండును. ఒకచోట సజ్జలు, ఒకచోట కొర్రలు, గట్టుచేరువ నువ్వులు, పుంటికూర, అనుములు. ఒకే ఎకరములో పది పన్నెండు రకముల పైరు లుండుట ఇచ్చట వింత కాదు. ఒక్క పంటను గీత గీసినట్లు పెంచుట చూచిన కంటికి ఇది గజిబిజిగా కనబడును. విత్తిన స్త్రీ నడిగినచో ఏ గింజ యెందు కెచ్చట పడినదో ఒక్కొక్కదానికి కారణము చెప్పగలదు.

తెలుగున "పాలివాడు" అను మంచి మాట కలదు. పాలు అనగా వాటా. ఒకే ఆస్తిలో వాటాగల చుట్టమును పాలివాడందురు. పాలివారితో తగవులుండును, పొత్తును ఉండును. కాని పాలివానిని లేడనుకొనుటకు వీలులేదు. ఈ చేను ఎవరిదని అడిగిన, పట్టా పుస్తకములో నున్న పేరు ఒక్కటే. చేను పండుటకు పాటుపడి అందులో తమ వాటా తినువా రెవరని అడిగినచో లెక్క పెద్దదగును. అందులో మనుష్యు లొక పాలివారు మాత్రమే.

మొదట నేల లోపలివారిని చూడవలెను. వారు కంటికి కనబడరు. కంది మొక్క నొకదానిని జాగ్రత్తగా వేళ్ళతో పెకలించి మట్టి దులిపి చూచిన, వేళ్ళకు చిన్నచిన్న బుడిపె లుండును. ఒక బుడిపెను గోటితో చీల్చిన లోపల లేత గులాబి వన్నె కనబడును. అది రోగము కాదు. అందులో రైజోబియము అను సూక్ష్మజీవులు కాపుర ముండును. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని యున్నను దానిని ఏ మొక్కయు నేరుగా తినజాలదు. ఈ సూక్ష్మజీవులు ఆ నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చి యిచ్చును. కంది తన ఆకులు సూర్యరశ్మితో వండిన చక్కెరలో కొంత వానికి పెట్టును. ఇది దానము కాదు, బేరమే, ఇరువురును బ్రతుకుదురు. పుష్య మాసము నాటికి కంది ఆకు లన్నియు రాలి నేలపై పడి కుళ్ళును. మరుసటి ఏట అదే సాలులో విత్తిన జొన్నకు ఆ నత్రజనిలో కొంత దక్కును.

ఎర్రనేలలో మరియొక చిక్కు కలదు. అందులో ఇనుము పాలు హెచ్చు. మొక్కకు కావలసిన భాస్వరమును ఆ ఇనుము గట్టిగా పట్టుకొని విడువదు. భాస్వర మున్నను లేనట్లే యగును. జహీరాబాదు పోవు దారిలోనే పటాన్‌చెరువు వద్ద 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనా సంస్థ యున్నది. మెట్టపైరులపై పరిశోధనలు చేయుట దాని పని. అచ్చటి శాస్త్రజ్ఞులు 1990లో ఒక సంగతిని ప్రకటించిరి. కంది వేళ్ళు పిసిడిక్ ఆమ్లము అను నొక రసమును మట్టిలోనికి స్రవించును. ఆ రసము ఇనుమును పట్టి, భాస్వరమును దాని చెర నుండి విడిపించును. జొన్న కా శక్తి లేదు. జొన్న ప్రక్కన కందిని విత్తవలెనని చెప్పిన ముసలమ్మలు పిసిడిక్ ఆమ్లము పేరు వినియుండరు. కంది పండిన చేనిలో మరునాటి పైరు బాగుండునని మాత్రము వారికి తెలియును. పరిశోధనశాల దానికి కారణము చూపినది. ఈ రెండు తెలివులును ఒకదాని నొకటి కొట్టివేయునవి కావు.

జొన్నకును కందికిని పొత్తు కుదురుటకు కాలభేద మొక కారణము. జొన్న చురుకుగా ఎదిగి నాలుగు నెలలలో కోతకు వచ్చును. కంది మొదట మందముగా పెరిగి, జొన్న కోసిన పిమ్మట వెలుతురు దొరకగా కొమ్మలు చాచును. జొన్న వేళ్ళు పైమట్టిలోని తేమను త్రాగును, కంది వేరు లోతునకు దిగును. ఒక ఏడు వానలు ముందుగా నిలిచిపోయిన జొన్న చెడవచ్చును, కంది నిలుచును. పురుగు పట్టి కంది పోయిన ఏట సజ్జయో కొర్రయో ఇంటికి వచ్చును. అన్ని పైరులును ఒకేసారి చెడుట అరుదు. ధాన్యపు కొట్టు లేని పేదరైతుకు దీనికి మించిన ధీమా యేమున్నది?

నేల దున్నువాడు మనిషి ఒక్కడే కాడు. చార్లెస్ డార్విన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తన చివరి గ్రంథమును, 1881లో, వానపాములపై వ్రాసెను. ఇంగ్లండులోని పెక్కుచోట్ల ఎకరము నేలలో వానపాములు ఏటేట పది టన్నులకు పైగా మట్టిని తమ దేహముగుండా పంపి పైకి తెచ్చునని ఆతడు లెక్కగట్టెను. అంత గొప్ప పండితు డింత అల్పజీవిపై ఏండ్లకేండ్లు వెచ్చించుట చూచి నవ్వినవారును కలరు. దక్కను మెట్టలో వేసవి ఎండకు వానపాము లోతునకు పోవును. ఇచ్చట ఆ పనిలో పెద్దపాలు చెదపురుగుది. పుల్లలను, ఎండిన పేడను, మొదళ్ళను కొరికి నేలలో కలుపును. అడుగు మట్టిని పైకి తెచ్చి పుట్ట కట్టును. దూలములను తినునని చెదను తిట్టువారే నాగులచవితినాడు పుట్టకు పాలు పోయుదురు.

ఇక కలుపు సంగతి. విత్తనిది మొలిచిన దానికెల్ల వ్యవసాయ పుస్తకములు కలుపు అని పేరు పెట్టును. జహీరాబాదు చేలలో పనిచేయు స్త్రీలు ఈ మాటను అంత సులభముగా ఒప్పుకొనరు. తొలకరి పిదప చేలలోను గట్లపైనను తుమ్మికూర, పొన్నగంటికూర, చెంచలికూర, గునుగుకూర మున్నగునవి తమంతట తామే మొలచును. ఎవరును విత్తరు, ఎవరును అమ్మరు. కొట్టులో గింజలు అడుగంటి, కొత్తపంట రాని ఆషాఢ శ్రావణ మాసములలో ఈ ఆకులే పేదయిండ్ల కూరకుండలో పడును. గునుగును చూడుడు. లేతగా నున్నప్పుడు కూర. పెరిగిన పశువునకు మేత. ఆశ్వయుజమున పూచినపుడు దాని తెల్లని, గులాబి కంకులే తంగేడు పూలతో కూడి బతుకమ్మ యగును. ఒక మొక్క ఇన్నింటికి పనికివచ్చుచుండ దానికి శత్రువని పేరుపెట్టుట న్యాయమా? అట్లని చేనినంతయు గునుగునకు వదలివేయరు. పైరు నణచునంత గుబురైనచో పెరికి వేయుదురు. వాటా ఇచ్చుట వేరు, చేను వదలుకొనుట వేరు. పైరునకును కూరకును పనికిరాదని దానిని చంపు మందు చల్లినచో మాత్రము కూర పోవును, మేత పోవును, పూవును పోవును.

పశువుల పాలు చొప్ప. మనిషికి గింజ, ఎద్దునకు కాడ. నాటుజొన్న మనిషికంటె ఎత్తుగా పెరుగును. మన దేశమున తొలి సంకరజాతి జొన్న 1964లో విడుదలయినది. అది పొట్టిది, త్వరగా పండునది. గింజల దిగుబడి హెచ్చుగా నుండుటచే దేశమునకు మేలు చేసినది. అయితే చొప్ప తగ్గినది. వానలు వెనుదీయక ముందే పండుటచే కంకికి బూజు పట్టుటయు కలదు. ఎకరమునకు ఎన్ని బస్తాలని మాత్రమే లెక్కించిన సంకరజాతియే గెలుచును. ఎద్దు తిను మేత, ఎద్దు వేయు పేడ, ఆ పేడ తిను నేల, ఇవి కూడ లెక్కలో చేరినపుడు సమాధానము మారును.

పిట్టల పాలు అన్నిటికంటె తగవులమారిది. జొన్నకంకి పాలు పోసుకొనగనే చిలుకలు, పిచ్చుకలు గుంపులుగా వ్రాలును. అందుకే చేని నడుమ మంచె కట్టి, వడిసెలతో రాళ్ళు విసరి, డబ్బాలు మ్రోగించి కాపలా కాయుదురు. అయినను కొంత పోవును. ఆ చేనిలోనే పసుల పోలిగాడు అను నల్లని చీలుతోక పిట్ట జొన్నకాడపై కూర్చుండి కందిపూతను తొలుచు పచ్చపురుగులను ఏరి తినును. కంది చేనిలో జొన్న మొక్కలను విత్తుట ఈ పిట్టలకు పీట వేయుటకే యని నేటి వ్యవసాయ శాస్త్రజ్ఞులును సలహా యిత్తురు. గింజ తినుపిట్టను తరుముచు, పురుగు తినుపిట్టను రమ్మనుచు, రెంటిని ఒకే చేనిలో నడుపుకొనుట సేద్యములోని నేర్పు.

ఈ నేర్పును మరచిన పెద్ద దేశ మొకటి కలదు. 1958లో చైనా ప్రభుత్వము ధాన్యము తినుచున్నవని పిచ్చుకలపై యుద్ధము ప్రకటించెను. ప్రజలు వీధులలో నిలిచి తప్పెటలు, పళ్ళెములు మ్రోగించుచు పిచ్చుకలను ఎచ్చటను వ్రాలనీయక అలసి పడి చచ్చునట్లు చేసిరి. గూళ్ళను పీకిరి, గ్రుడ్లను పగులగొట్టిరి. పిచ్చుకలు పోయినవి. అవి తిను పురుగులకును మిడుతలకును అడ్డులేకపోయినది. 1960లో ప్రభుత్వము తన తప్పు గ్రహించి, చంపవలసిన వాని పట్టిక నుండి పిచ్చుకను తొలగించి నల్లిని చేర్చెను. ఆ సంవత్సరములలో చైనాలో వచ్చిన ఘోరమైన కరవునకు పిచ్చుకల చావొక్కటే కారణము కాదు. పాలకుల తప్పుడు లెక్కలు, బలవంతపు విధానములు మూలకారణములు. అయినను పిచ్చుక తినిన గింజలను లెక్కించి అది తినిన పురుగులను లెక్కింపకపోవుటకు ఆ దేశము పెద్ద వెల చెల్లించినది.

ఇట్టి చేలు జహీరాబాదు ప్రాంతమున ఎడతెగక సాగుచు వచ్చినవని అనుకొనరాదు. అవి అంతరింపనున్న కాల మొకటి వచ్చినది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్య మిచ్చు పథకము నారంభించెను. అది ఎందరి ఆకలినో తీర్చినది. దానిని నిందించుట తగదు. కాని చవుడు నేలలో చెమటోడ్చి జొన్నలు పండించుటకంటె కూలికి పోయి బియ్యము కొనుట మేలని తోచుటతో మెట్టచేలు మరింత బీడుపడ సాగెను. జొన్నరొట్టె, గటక, అంబలి పేదతనమునకు గురుతులైనవి. వరియన్నము పెద్దరికమైనది. చేను బీడుపడినపుడు జొన్న ఒక్కటియే పోలేదు. చొప్ప పోయినది, పశువు తగ్గినది, పేడ తగ్గినది. విత్తనము వాడుక తప్పి మొలక శక్తి కోల్పోయినది. విత్తన మెరిగిన అవ్వల మాట వినువారు లేకపోయిరి. కూలి దొరకని వానకాలపు దినములలో మునుపు చేనిగట్టున దొరకిన ఆకుకూరయు దొరకదాయెను.

అదే 1983లో పి.వి. సతీశ్ మొదలగు కొందరు పస్తాపూరు కేంద్రముగా దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థను స్థాపించిరి. ఊరూర స్త్రీల సంఘము లేర్పడెను. వానిలో చేరినవారు ఎక్కువగా దళిత కుటుంబముల స్త్రీలు, ఒకరి చేలలో కూలి చేసికొని బ్రతుకువారు. భూసంస్కరణలలో కొందరికి భూమి దక్కినను అది రాళ్ళతో నిండిన చవక నేల. పట్టా చేతనున్నను ఎద్దులు లేవు, విత్తనము లేదు, ఎరువు లేదు. వా రారంభమున కోరినది ప్రకృతి సంరక్షణ కాదు; పూటకు రొట్టె. ఈ సంగతి మరువరాదు. జీవజాలమంతయు ఒకదానితో నొకటి ముడిపడియున్నదను సత్యము వారికి తత్త్వగ్రంథములలో దొరకలేదు, ఖాళీ కుండలో దొరకినది.

1990 దశకము నడుమ ముప్పదికి పైగా గ్రామములలో ఈ సంఘములు ఒక పని చేసినవి. బీళ్ళున్న చిన్నరైతులకు దున్నుటకు, ఎరువునకు, విత్తనమునకు పెట్టుబడి అప్పుగా నిచ్చిరి. ఆ యప్పును రూపాయలలో కాక జొన్నలలో కొన్ని ఏండ్లపాటు తీర్పవలెను. వచ్చిన జొన్నలను ఊరిలోనే నిలువచేసి, కరవు నెలలలో పేదలకు చవుకగా అమ్మిరి. ఎవరు పేదలో నిర్ణయించుటకు పట్నమునుండి అధికారి రాలేదు. ఊరివారు నేలపై రంగులతో గ్రామపటము గీసి, ఇంటింటిని గురించి అందరియెదుట మాటలాడుకొని, మిక్కిలి పేదయింటికి ఎక్కువ గింజలు, కొంచెము మెరుగైన యింటికి తక్కువ గింజలు అని నిర్ణయించిరి. బీళ్ళు సాగులోనికి వచ్చుటతో కూలిపని దొరకెను, చొప్ప దొరకెను, గింజలు ఊరిలోనే పుట్టెను. చౌకధరల దుకాణములో బియ్యము బస్తా తోడనే వచ్చి బస్తా తోడనే పోవును. ఊరి చేనిలో పండిన జొన్న ఎద్దును, పిట్టను, మట్టిని కూడ పోషించి మనిషి కడకు వచ్చును.

నల్లరేగడి చేలలో చలికాలమున పండు పైరులను ఇచ్చటి స్త్రీలు "సత్యం పంటలు" అందురు. యాసంగి జొన్న, సెనగ, కుసుమ, అవిసె అట్టివి. వానలు వెనుదీసిన పిమ్మట వీనిని విత్తుదురు. తరువాత వాన కురియకపోవచ్చును, నీరు కట్టువారును లేరు. భూమి తన సత్యము కొలది పండించునని వారి నమ్మిక. నల్లరేగడి బంకమన్ను వానకాలపు నీటిని నెలల కొలది తనలో పట్టియుంచును. వేరు దానిని వెదకికొనుచు దిగును. వేకువ మంచు కొంత తోడగును. కుసుమ ఆకునకు ముండ్లుండుటచే దానిని చేనిచుట్టు విత్తిన పశువు లోనికి చొరదు. కంచెకు కంచె, నూనెకు నూనె.

ఈ చేలు పచ్చగా నున్నప్పుడు చలికాలపు అమావాస్య యొకటి వచ్చును. జహీరాబాదు సీమలోను, సరిహద్దున కావల బీదరు ప్రాంతమునందును దానిని ఎళ్ళ అమావాస్యగా జరుపుకొందురు. ఆనాడు కుటుంబమంతయు బండ్లు కట్టుకొని చేనికి పోవుదురు. పచ్చికాయలు, పప్పుధాన్యములు, ఆకుకూరలు కలిపి శనగపిండితో వండిన భజ్జిని, రొట్టెలను, అంబలిని తీసికొనిపోయి మొదట భూమికి నైవేద్యము పెట్టి, చేనిలో నలుదెసల చల్లుదురు. పైరు కంకి వేయబోవు దశను రైతు "పొట్ట" అనును; అనగా చేను చూలాలు. చూలాలికి కోరిన తిండి పెట్టవలెను. చల్లిన మెతుకులను పిట్టలును చీమలును తినును. ఆనాటికి వానిని తరుమువా రుండరు.

చదివినంతలో ఈ సేద్యము తేలికయని తోచవచ్చును, తేలిక కాదు. పిట్టల సంగతినే మరల చూచిన తెలియును. ఊరిలో నూరుమంది జొన్న విత్తిన నాడు పిట్టలు నూరు చేలలోను తలా కొంచెము తినును. ఎవరికిని భారము కాదు. నూరుమందిలో తొంబదిమంది చెరకునకో ప్రత్తికో మరలి పదిమందియే జొన్న విత్తినచో, పిట్టలన్నియు ఆ పది చేలపైననే పడును. పదిమందిలో ఆరుగురు మరుసటి ఏట మానుకొందురు. మిగిలిన నలుగురికి గింజయే దక్కదు. పిట్టకు పాలు పెట్టుట ఒక్కరి మంచితనముతో సాగు పని కాదు, ఊరందరు కలిసి మోయవలసిన భారమది. అడవిపందుల బెడదయు ఇట్టిదే.

చెరకు డబ్బు తెచ్చును. చదువునకు, వైద్యమునకు, పెండ్లికి డబ్బు కావలెను. పన్నెండు పంటల చేనికి చేతిపని హెచ్చు. చదువుకొన్న బిడ్డలు హైదరాబాదు దారి పట్టిన ఇంటిలో కలుపుతీయు చేతులు తక్కువ. కృష్ణా గోదావరుల డెల్టాలలోని వరిచేను చేయు పనిని ఈ మెట్టచేను చేయజాలదు. కోట్లమందికి అన్నము పెట్టుటకు అవియును కావలెను. 2022లో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరినది. అందరును పన్నెండు పంటలే విత్తవలెననుట తెలివిగల మాట కాదు. అయితే డెల్టాకు తగిన రీతిని తెచ్చి మెట్టపై రుద్దుటయు తెలివి కాదు. ఏ నేలలో ఎవరెవరు పాలివారో తెలిసికొనక విత్తినవానికి ఏదో యొక ఏట ఆ లెక్క తేలకపోదు.

జహీరాబాదు స్త్రీల పని ఊరు దాటి తెలిసినది. 2008లో మాచునూరు గ్రామమున వారి "సంగం రేడియో" ఆరంభమైనది. ఏ విత్తనము ఎప్పుడు వేయవలెనో, ఏ ఆకు ఎట్లు వండవలెనో వారే తమ మాటలలో చెప్పుదురు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ఇచ్చు ఈక్వేటర్ బహుమానము ఈ సంఘములకు లభించెను. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించెను. ఆ ఏటనే, మార్చి నెలలో, సతీశ్ మరణించెను. ఒకనాడు పేదల తిండియని మొగము త్రిప్పుకొన్న కొర్రలు, సామలు ఇప్పుడు పట్నపు అంగళ్ళలో అందమైన సంచులలో హెచ్చు వెలకు అమ్ముడగుచున్నవి. ఈ వెల పండించినవారి చేతికి ఎంత చేరునన్నది వేరు ప్రశ్న.

ఏటేట సంక్రాంతి దినములలో ఈ ప్రాంతమున పాతపంటల జాతర బయలుదేరును. ఎడ్లబండ్లను అలంకరించి, బుట్టలలో రకరకముల విత్తనములను పేర్చి, డప్పులు మ్రోగగా ఊరి నుండి ఊరికి పోవుదురు. నెల దినములు ఈ తిరుగుట సాగును. బండి ఆగిన ప్రతి ఊర రైతులు చేరి, ఏ విత్తు తమ యొద్ద నున్నది, ఏది పోయినది అని మాటలాడుకొందురు. ఒక ఊర పోయిన విత్తనము మరియొక ఊరి ముసలమ్మ కుండలో దొరకుట కలదు. అప్పుగా తీసికొన్న విత్తనమును పంట వచ్చిన పిమ్మట ఒకటికి రెండుగా తిరిగి ఇయ్యవలెను, డబ్బు పుచ్చుకొనరు.

జాతర ముగిసిన తరువాత స్త్రీలు మంచి కంకులను ఏరి, ఎండబెట్టి, నూర్చి, గింజలలో బూడిదయు వేపాకును కలిపి కుండలలో పోయుదురు. కుండ మూతిని మట్టితోను పేడతోను మెత్తి ఇంటి మూల నుంచుదురు. మృగశిర కార్తెలో తొలివాన కురిసి నేల పదునగువరకు ఆ మూతిని ఎవరును విప్పరు.